కడుపులో మాట

తెలుగులో కడుపు చాలా పనులు చేస్తుంది. పక్కవాడు బాగుపడితే కడుపు మండుతుంది. మేలు చేసినవాళ్ల కడుపు చల్లగా ఉండాలని దీవిస్తాం. తప్పు చేసినవాణ్ని కడుపులో పెట్టుకుంటాం, బిడ్డ పోతే దాన్ని కడుపుకోత అంటాం. ఆకలి అక్కడే, గర్భమూ అక్కడే. ఇంత బరువు మోసే మాట, నిజంగా కడుపుకే జబ్బు చేసినప్పుడు మాత్రం నీళ్లు నములుతుంది. ఏడాదిన్నరగా మా ఇంట్లో చూస్తున్నాను కాబట్టి చెబుతున్నా.

మా అక్క కొడుక్కి ఇప్పుడు 17 ఏళ్లు. ఇంట్లో బాబీ అంటాం, ఇక్కడా ఆ పేరు చాలు. వాడి గురించి రాస్తానని అడిగితే కాసేపు ఆలోచించి, "నా మార్కులు రాయకు, మిగతాది నీ ఇష్టం పిన్నీ" అన్నాడు. వాడి జబ్బు పేరు అల్సరేటివ్ కొలైటిస్. పెద్దపేగు లోపలి పొర వాచి, పుండ్లు పడి, రక్తం కారుతుంది. పురీషనాళం దగ్గర మొదలై పైకి పాకుతుంది. అంటువ్యాధి కాదు. ఏదో తినడం వల్ల వచ్చిందీ కాదు. ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక వ్యవస్థే దారి తప్పి సొంత పేగు మీద పడుతుంది. అలా ఎందుకు పడుతుందో ఎవరూ ఇంకా పూర్తిగా తేల్చలేదు. కొన్నాళ్లు అణిగి ఉంటుంది, కొన్నాళ్లు విరుచుకుపడుతుంది. మందులతో అణచి ఉంచొచ్చు, శాశ్వతంగా పోగొట్టే మందు లేదు.

దీనికి తెలుగులో పేరు లేదు. పత్రికల ఆరోగ్యం పేజీల్లో కూడా ఇంగ్లీషు పేరునే తెలుగు లిపిలో రాస్తారు. మనకున్నవల్లా రక్త విరేచనాలు, జిగట విరేచనాలు. అవి లక్షణాల పేర్లు, అవి వినగానే ఎవరికైనా అమీబా గుర్తొస్తుంది. బాబీకి జరిగిందీ అదే. పదో తరగతి అయ్యాక గుంటూరు నుంచి హైదరాబాదు వచ్చి ఇంటర్ ఎంపీసీలో, హాస్టల్లో చేరాడు. ఆగస్టులో మొదలైంది. హాస్టల్ పక్కనున్న క్లినిక్‌లో అమీబియాసిస్ అని ఒక కోర్సు మాత్రలు రాశారు. తగ్గలేదు, రెండో కోర్సు రాశారు. ఈలోగా వాడు 54 కిలోల నుంచి 46కి దిగాడు. హాస్టల్లో పొద్దున ఐదున్నరకి స్టడీ అవర్. అంతకుముందు అరగంటలో ఒక ఫ్లోర్ పిల్లలందరూ నాలుగు బాత్రూంల ముందు నిలబడాలి. రోజుకి పదిసార్లు వెళ్లాల్సినవాడు ఆ వరసలో ఎలా నిలబడ్డాడో నేను అడగలేదు. వాడూ చెప్పలేదు. రక్తం పడుతోందన్న సంగతి కూడా ఆరు వారాల దాకా ఎవరికీ చెప్పలేదు. దసరా సెలవులకి నా దగ్గరికి వచ్చినప్పుడు రాత్రి నాలుగుసార్లు లేవడం గమనించి నేనే అడిగాను.

కొలనోస్కోపీ చేశారు, బయాప్సీకి పంపారు. హిమోగ్లోబిన్ 8.2. అప్పటినుంచి హాస్టల్ మానేసి నిజాంపేటలో నా ఫ్లాట్‌లో ఉంటూ డే స్కాలర్‌గా కాలేజీకి వెళ్తున్నాడు. నాకు వారంలో మూడు రోజులు ఇంటి నుంచే పని, పెళ్లి కాలేదు, రెండో బెడ్రూం పుస్తకాలతో నిండి ఉంది. అక్క రెండేళ్లు ఇక్కడికి వచ్చి ఉండలేదు, గుంటూరులో అత్తగారు మంచం మీద ఉన్నారు. అలా నిర్ణయం అయిపోయింది. పుస్తకాలు హాల్లోకి వచ్చాయి.

మందుల గురించి కొంచెం చెప్పాలి, నాకు ఆ కథ ఇష్టం కాబట్టి. ఈ జబ్బుని ఆ పేరుతో మొదట రాసింది శామ్యూల్ విల్క్స్ అనే లండన్ డాక్టర్, 1859లో. ఆ తర్వాత ఎనభై ఏళ్ల పాటు చెప్పుకోదగ్గ మందేమీ లేదు. 1940ల తొలినాళ్లలో స్వీడన్‌లో నన్నా స్వార్ట్జ్ అనే ఆవిడ కీళ్ల వాతం కోసం తయారు చేయించిన సల్ఫాసలజీన్, ఈ రోగులకి పనిచేయడం చూశారు. ఆ మందులో రెండు ముక్కలు కలిసి ఉంటాయి. పనిచేస్తున్నది ఏ ముక్క? ఆ ప్రశ్నకి జవాబు 1977లో వచ్చింది. ఆక్స్‌ఫర్డ్‌లో ఆజాద్ ఖాన్ అనే బంగ్లాదేశీ డాక్టరూ ఆయన సహచరులూ ఆ రెండు ముక్కల్నీ విడదీసి, వేరువేరుగా ఎనిమా రూపంలో ఇచ్చి చూశారు. మేలు చేసే ముక్క తేలింది. ఇవాళ బాబీ వేసుకునే మెసలమిన్ అదే. మా పనిలో దీన్ని బగ్‌ని ఐసొలేట్ చేయడం అంటాం. ఒక పెద్ద ఫంక్షన్‌ని రెండుగా విరగ్గొట్టి, ఏ సగంలో ఉందో చూడటం. ఈ కథ బాబీకి చెబితే మొదటిసారి వాడి జబ్బు గురించిన విషయం ఆసక్తిగా విన్నాడు. "అంటే ఎవడో ఎప్పుడో నాలాగే రాత్రి పూట ఎనిమా పెట్టుకుని పడుకుంటే ఇది తెలిసిందన్నమాట" అన్నాడు. అవును, అన్నమాటే.

ఎనిమా సంగతి. రాత్రి పడుకునే ముందు ఎడమ వైపు తిరిగి పడుకుని పెట్టుకోవాలి, వీలైతే తెల్లారేదాకా ఆపుకోవాలి. ఆస్పత్రిలో ఒక మగ నర్సు నేర్పించాడు. 16 ఏళ్ల కుర్రాడికి పిన్ని ముందు ఆ మాట అనడమే చచ్చేంత సిగ్గు. నేను చేసిందల్లా తలుపు బయట నిలబడి, "అరగంట కదలకు, ఐపీఎల్ పాత మ్యాచులు పెట్టుకో" అనడమే. అడగాల్సినవి అడగడానికి మేమిద్దరం ఒక అంకెల భాష పెట్టుకున్నాం. ఒకటి అంటే అంతా బావుంది. మూడు అంటే రక్తం లేదు కానీ ఎక్కువసార్లు. ఐదు అంటే డాక్టర్‌కి ఫోన్ చెయ్యాలి. పొద్దున్న వంటింట్లోకి వచ్చి "రెండు" అని ఫ్రిజ్ తెరుస్తాడు. తెలుగులో లేని పదజాలాన్ని అంకెలతో నడిపించాం.

స్టెరాయిడ్ మరో కథ. ప్రెడ్నిసొలోన్ రోజుకి 40 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి వారం వారం తగ్గించుకుంటూ వచ్చారు. ఒక్కసారిగా మానేయకూడదు, ఒళ్లు తన సొంత హార్మోన్ తయారుచేయడం మర్చిపోయి ఉంటుంది. మంట తగ్గింది. ముఖం మాత్రం గుండ్రంగా పున్నమి చంద్రుడిలా అయింది, మొటిమలు, నిద్ర లేదు, రాక్షసుడి ఆకలి. క్లాసులో ఎవడో వాడికి బన్ను అని పేరు పెట్టాడు. ఎనిమిది కిలోలు తగ్గినప్పుడు ఎవరూ ఏమీ అనలేదు. ముఖం ఉబ్బితే మాత్రం అందరికీ కనిపించింది.

ఇక తిండి. బావ గుంటూరు మిర్చి యార్డులో కమిషన్ కొట్లో లెక్కలు రాస్తాడు. ఆ ఇంట్లో కూరలో కారం తగ్గిందంటే ఎవరికో జ్వరం వచ్చిందని అర్థం. జబ్బు సంగతి తెలియగానే బంధువులందరూ డాక్టర్లయ్యారు. పాలు మానేయమని ఒకరు, పాలే తాగించమని ఒకరు. మారేడు పండు, దానిమ్మ తొక్కు కషాయం, కుటజారిష్టం. గోధుమలే విషం అని ఒక పెదనాన్నగారు వాట్సాప్ వీడియోలు పంపారు. మా డాక్టర్ మాత్రం ఒక్క మాట చెప్పారు: "పథ్యం ఈ జబ్బుకి మందు కాదమ్మా. మందు మందే. తిండి వాడి బలం కోసం. పడనిది వాడికే తెలుస్తుంది, అది మానేస్తాడు. ఊరికే అన్నీ మానిపించకండి, ఎదిగే పిల్లాడు." చీటీ మీద చివర్న ఇంకోటి రాశారు. తలనొప్పికైనా ఒళ్లు నొప్పులకైనా పారాసిటమాల్ తప్ప ఇంకో నొప్పి మాత్ర వేసుకోకూడదు, ఐబుప్రొఫెన్ లాంటివి పేగుని మళ్లీ రేపుతాయి. కషాయాల గురించి ఫోన్ చేసిన చుట్టాలెవరూ ఈ ముక్క చెప్పలేదు.

జబ్బు రేగి ఉన్న రోజుల్లో గింజలు, తొక్కలు, పచ్చి కూరముక్కలు, కారం పక్కన పెట్టాం. పొట్టు తీసిన బీరకాయ, సొరకాయ, మెత్తగా ఉడికిన క్యారట్, పెసరకట్టు, గుడ్డు, ఇడ్లీ, అరటిపండు. తెల్లన్నం గురించి నా ఆఫీసు స్నేహితులకి చాలా అభిప్రాయాలున్నాయి గానీ, పేగు పచ్చిగా ఉన్నవాడికి దంపుడు బియ్యం కన్నా మెత్తటి తెల్లన్నమే మేలు. అణిగిన తర్వాత ఒక్కొక్కటీ తిరిగి తెచ్చాం. అక్క వచ్చినప్పుడల్లా వంటింట్లో నిలబడి, "ఇది తిండేనా వీడు తినేది" అని కళ్లు తుడుచుకునేది. చింతపండూ కారమూ లేకుండా రుచి ఎక్కడి నుంచి వస్తుందో ఆవిడకి తెలియదు. నాకూ వంట అంతగా రాదు. జీలకర్ర, అల్లం, నెయ్యి, ధనియాల పొడి, కరివేపాకు వేయించి పొడి కొట్టడం, ఆఖర్న నిమ్మరసం. మూడు నెలల్లో ఇద్దరం నేర్చుకున్నాం. ఆవకాయ జాడీ మాత్రం పై అరలోకి వెళ్లింది. నేను వాడు లేనప్పుడు తింటున్నానని కనిపెట్టి, "దొంగతనంగా ఎందుకు, నా ముందే తిను, వాసన చూస్తా" అన్నాడు.

నా వృత్తి రోగం కొద్దీ ఒక గూగుల్ షీట్ తెరిచాను. ఏం తిన్నాడు, ఏ మాత్ర ఎప్పుడు, పొద్దుటి అంకె ఎంత. రెండో వారానికే, "పిన్నీ, నేను ప్రొడక్షన్ సర్వర్‌ని కాదు" అన్నాడు. అయినా ఆరు వారాలు నింపాడు. అందరూ నేరస్థురాలిగా నిలబెట్టిన పాలు నిర్దోషి అని తేలింది. పాలు తాగిన రోజులకీ, అంకె పెరిగిన రోజులకీ పొంతనే లేదు. అంకె పెరిగేది సోమవారం నాడు. ఆదివారం వాళ్లకి వీకెండ్ టెస్ట్. ఆదివారం గడుల్లో పొద్దున టిఫిన్ ఖాళీ, మధ్యాహ్నం ఖాళీ, రాత్రి తొమ్మిదికి ఇంత పొడవు జాబితా.

నెమ్మదిగా అడిగితే బయటపడింది. టెస్ట్ మధ్యలో లేవాల్సి వస్తుందని వాడు ముందు రోజు రాత్రి నుంచే తినడం మానేస్తున్నాడు. తినకుండా మాత్ర వేసుకుంటే వికారమని ఆ పూట మాత్రలూ మానేస్తున్నాడు. సాయంత్రం ఇంటికొచ్చి స్టెరాయిడ్ ఆకలితో ఒక్కసారే కుమ్మేస్తున్నాడు. మామూలు రోజుల్లో కూడా నేను కట్టిన డబ్బా సగం స్నేహితులకి వెళ్తోంది. ఇంత చేసీ మేం లెక్కేసిన పథ్యం అంతా వృథా, ఎందుకంటే వాడి అసలు పథ్యం ఉపవాసం. రక్తం తక్కువై, బరువు తక్కువై ఉన్న పిల్లాడు, ఎదిగే వయసులో, కడుపు ఖాళీగా ఉంచుకుని ఇంటిగ్రల్స్ చేస్తున్నాడు. అదీ తిండి వల్ల కాదు. బాత్రూంకి వెళ్లడానికి అనుమతి అడగాలి కాబట్టి.

వాళ్ల కాలేజీ ఐదంతస్తుల భవనం. మగపిల్లల బాత్రూంలు రెండో అంతస్తులో, వాడి సెక్షన్ నాలుగులో. క్లాసులో లేవాలంటే చెయ్యెత్తాలి, అందరూ చూస్తారు, గంటలో రెండోసారి ఎత్తితే నవ్వుతారు. కాబట్టి మార్చాల్సింది కూర కాదు, కాలేజీ. నేను ప్రిన్సిపాల్‌తో మాట్లాడతానన్నాను. అక్క ఒప్పుకోలేదు. "కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందే. ఇవాళ కాలేజీలో చెబుతావు, రేపు ఊళ్లో తెలుస్తుంది. రేపు వాడికి ఉద్యోగం, సంబంధం... నీకేం తెలుసు" అంది. ఆ సామెత ఎంత కచ్చితంగా అమరిందో చూసి నాకు నవ్వూ కోపమూ రెండూ వచ్చాయి. కానీ అక్క భయాన్ని తీసిపారేయలేను. మన ఊళ్లలో ఒక మాట బయటికి పోతే అది తిరిగొచ్చేటప్పటికి ఏ రూపంలో ఉంటుందో నాకూ తెలుసు. ముప్ఫై దాటి పెళ్లి చేసుకోని చెల్లెలి గురించి మాటలు మోసింది అక్కే.

బాబీనే అడిగాం. వాడూ చెప్పొద్దనే అన్నాడు, వేరే కారణంతో. "జాలిపడతారు. ఇంక నేను ఏం చేసినా అదే." రెండు రోజులు ఈ చర్చ సాగింది. చివరికి వాడే ఒక మధ్యేమార్గం చెప్పాడు. ప్రిన్సిపాల్‌కీ, ఒక్క లెక్చరర్‌కీ మాత్రమే తెలియాలి. ఆ లెక్చరర్ ఎవరో వాడే ఎంచుకుంటాడు. ఉత్తరంలో బాత్రూం అన్న మాట ఉండకూడదు. డాక్టర్ రాసిచ్చారు: విద్యార్థికి పెద్దపేగుకి సంబంధించిన దీర్ఘకాలిక వ్యాధి ఉంది, అవసరమైనప్పుడు అనుమతి అడగకుండా తరగతి నుంచి బయటికి వెళ్లనివ్వాలి, ఆస్పత్రికి వెళ్లిన రోజుల్ని హాజరులో పరిగణించాలి. 75 శాతం హాజరు భయం అప్పటికే వేలాడుతోంది.

ప్రిన్సిపాల్ చదివి, "ఒకరికి ఇస్తే అందరూ అడుగుతారు మేడమ్" అన్నారు. అందరికీ ఈ జబ్బు వస్తే అందరికీ ఇవ్వాల్సిందే కదా సార్ అన్నాను. ఆయనేం దుర్మార్గుడు కాదు, ఆ భవనంలో అన్నీ గంట కొట్టినట్టు నడవాలి, అంతే. కెమిస్ట్రీ లెక్చరర్ మాత్రం ఉత్తరం కూడా చూడలేదు. వాణ్ని తలుపు పక్కన ఆఖరి బెంచీకి మార్చారు. నాలుగో అంతస్తులో స్టాఫ్ బాత్రూం ఒకటుంది, దాని తాళం చెవి రెండోది చేయించి వాడికిచ్చారు. ఆ తాళం చెవి ఏ మాత్ర కన్నా తక్కువ పని చేయలేదు. మొదటి వారం వాడు దాన్ని మూడుసార్లే వాడాడట. వెళ్లొచ్చని తెలిసిన తర్వాత వెళ్లాల్సిన అవసరమే తగ్గింది. ఆదివారం గడులు నిండటం మొదలైంది.

నాకు ఈ వ్యవహారంలో పెద్ద ఆశ్చర్యం వేరే. బాబీకి నేను నేర్పినవన్నీ ఆడవాళ్లకి పన్నెండేళ్లప్పుడే వచ్చేసే విద్యలు. సంచిలో ఒక జత బట్టలు, నల్ల కవరు, టిష్యూలు. ముదురు రంగు ప్యాంటు. బయల్దేరే ముందు ఒకసారి వెళ్లి రావడం. దారిలో ఎక్కడ ఏ పెట్రోలు బంకులో, ఏ మాల్‌లో, ఏ మెట్రో స్టేషన్లో శుభ్రమైన బాత్రూం ఉందో బుర్రలో మ్యాపు గీసుకోవడం. దారి తెలియని ఊరికి వెళ్తే నీళ్లు తక్కువ తాగడం, ఇది మాత్రం వాణ్ని మానమన్నాను. రక్తం చూసి బెంబేలు పడకపోవడం. మన ఊళ్లు మగవాళ్లకి ప్రతి గోడనీ ఇచ్చేశాయి, అందుకే వాళ్లకి ఈ మ్యాపు అవసరం పడలేదు. ఒక శనివారం మేమిద్దరం మియాపూర్ నుంచి అమీర్‌పేట దాకా మెట్రోలో వెళ్తూ స్టేషన్ స్టేషన్‌కీ దిగి చూశాం. వాడు ఫోన్లో పిన్నులు పెట్టుకున్నాడు. "అమ్మాయిలు రోజూ ఇంత ఆలోచిస్తారా?" అన్నాడు. ఈ మధ్య నేను చదివిన చాలా స్త్రీవాద కథల కంటే ఆ ప్రశ్న నాకు నచ్చింది.

కథలంటే గుర్తొచ్చింది. వర్జీనియా వుల్ఫ్ 1926లో అనారోగ్యం మీద రాసిన వ్యాసంలో, సాహిత్యానికి ప్రేమ, యుద్ధం ఉన్నంత ముఖ్యంగా జబ్బు ఎందుకు లేదని ఆశ్చర్యపోతుంది. సుసాన్ సొంటాగ్ 1978లో క్షయనీ క్యాన్సర్‌నీ పక్కపక్కన పెట్టి, ఒక జబ్బుకి అందం ఎలా అంటగడతామో, ఇంకోదానికి సిగ్గు ఎలా అంటగడతామో రాసింది. మన దగ్గరా అంతే. దగ్గి రుమాలులో రక్తం చూసుకునే నాయకుడికి పాట ఉంటుంది. పేగులో రక్తం కారేవాడికి కామెడీ ట్రాకు ఉంటుంది. ఈ ఏడాది నేను వెతికి వెతికి చదివిన తెలుగు కథల్లో గుండె, ఊపిరితిత్తులు, గర్భసంచి ఉన్నాయి, పెద్దపేగు కనపడలేదు. ఎవరికైనా తెలిస్తే చెప్పండి, బాబీకి కాకపోయినా నాకు కావాలి. వాడు మాత్రం కథలు అక్కర్లేదంటాడు. వాడికి జబ్బు గురించి చదవడం బోరు. క్రికెటర్ల జీవిత చరిత్రలు చదువుతాడు.

మార్చిలో ఫస్టియర్ పరీక్షలకి మరో ఉత్తరం, ఈసారి సెంటర్ చీఫ్ సూపరింటెండెంట్‌కి. తొమ్మిది నుంచి పన్నెండు దాకా మూడు గంటలు. బయటికి వెళ్తే వెంట ఒక మనిషి వస్తారు, పోయిన నిమిషాలు పోయినట్టే. ఆరు పరీక్షల్లో ఒక్కసారి లేచాడు, సంస్కృతం రోజు. "అది జబ్బు వల్ల కాదు, సంస్కృతం వల్ల" అని వాడి వివరణ.

జూన్‌లో మళ్లీ రేగింది. కారణం ఏమీ లేదు. అన్నీ సరిగ్గా చేస్తున్నప్పుడు రేగింది. వాడికి ఈ జబ్బులో అన్నిటికంటే కోపం తెప్పించేది ఇదే, తప్పు వెతకడానికి వీల్లేకపోవడం. షీట్ అంతా మళ్లీ మళ్లీ చూశాడు, ఒక్క గడి కూడా తప్పు లేదు. ఆ రాత్రి మొదటిసారి నా ముందు ఏడ్చాడు. నేను ఏమీ అనలేదు. అప్పటికి రాత్రి పదకొండు, ఇద్దరం పెసరకట్టు వేడి చేసుకుని తిన్నాం. మళ్లీ స్టెరాయిడ్, ఈసారి తోడుగా అజాథయోప్రిన్. అది పనిచేయడానికి నెలలు పడుతుంది, మధ్య మధ్య రక్తపరీక్షలు చేయించాలి. తెల్ల రక్తకణాలు పడిపోతాయేమోనని, కాలేయం ఎలా ఉందోనని. అదీ చాలకపోతే ఇన్‌ఫ్లిక్సిమాబ్ లాంటి ఇంజెక్షన్లు ఉన్నాయని డాక్టర్ చెప్పారు. వాటి ఖర్చు విని బావ ఫోన్లో చాలాసేపు మాట్లాడలేదు. ఆ తర్వాత, "వాడితో ఈ మాట అనకమ్మా" అన్నాడు. వాడు పక్క గదిలో ఉన్నాడు, స్పీకర్ ఆన్‌లో ఉంది.

ఇప్పుడు సెకండియర్. అంకె చాలారోజులుగా ఒకటీ రెండు మధ్య తిరుగుతోంది. మలపరీక్షలో కాల్‌ప్రొటెక్టిన్ 1800 దాటి ఉండేది, పోయిన నెల 140. బరువు 55. దీపావళికి గుంటూరు ఒక్కడే వెళ్లొచ్చాడు. బస్సు కాదు, గోల్కొండ ఎక్స్‌ప్రెస్, ఎందుకో చెప్పక్కర్లేదు. అక్క పెసరట్టు వేసి, పక్కన అల్లం పచ్చడి వేయాలా వద్దా అని నాకు ఫోన్ చేసింది. వాణ్నే అడగమన్నాను. రెండు చెంచాలు తిన్నాడట.

వచ్చే నెల రెండో తారీఖున డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. మళ్లీ కొలనోస్కోపీ ఎప్పుడన్నది అప్పుడు తేలుతుంది, ప్రీ-ఫైనల్స్ అయ్యాక పెట్టమని అడుగుతాడట. అడగాల్సినవి ఏడు ప్రశ్నలు ఫోన్లో రాసుకున్నాడు, నాకు చూపించలేదు. ఈసారి నన్ను బయట కూర్చోమన్నాడు.